కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు: శ్రీబాగు గృహమున జరిగిన సమాధానము

మా చోడవరమున ఎన్నికల కాలము వచ్చినదనగా ఒక వింత కనబడుచుండును. నిన్నటిదాక ఒకే అరుగుమీద కూర్చుండి ముచ్చటలాడుకొన్న ఇరుగుపొరుగువారు మొగములు త్రిప్పుకొని నడువ నారంభింతురు. పెండ్లిపిలుపులు తగ్గును. పేరంటమునకు పిలుచుటయందు సైతము కక్ష విచారణ వచ్చును. స్వయంభూ విఘ్నేశ్వరుని ఆలయమునకు మాత్రము ఉభయ కక్షలవారును వత్తురు, ఒకరి వెనుక నొకరు నిలుతురు, పలుకరించుకొనరు. ఈ స్థితిని చూచినప్పుడెల్ల మాకు 1937వ సంవత్సరమున తెలుగుదేశమంతయు రెండుగా చీలిపోవు సమయమున జరిగిన ఒక సమాధానమును, అది యెవరి యింట జరిగినదో ఆ మహాపురుషుని జీవితమును జ్ఞప్తికి వచ్చుచుండును. ఆయన కృష్ణామండలమువారు, మా ప్రాంతమువారు కారు. అయినను ఆ తగవునకు మూలమైన మేలు అనుభవించినవారిలో ముఖ్యులము విశాఖపట్టణ మండలమువారమే గనుక, ఈ చరిత్రము మేము వ్రాయుట యుక్తమని తలచితిమి.

నాగేశ్వరరావు పంతులుగారు 1867వ సంవత్సరము మే నెల 1వ తేదీన కృష్ణామండలములోని ఎలకుర్రు గ్రామమున జన్మించిరి. తల్లిదండ్రులు శ్యామలాంబ, బుచ్చయ్యగారలు. మదరాసు క్రైస్తవ కళాశాలలో చదివి 1891లో పట్టభద్రులైరి. చదువుకొను దినములలోనే వీరేశలింగముగారి వ్రాతలు వారి మనస్సున నాటుకొనినవి. పిదప ఉద్యోగమునకై ప్రాకులాడక వర్తకమునందు ప్రవేశింపగోరి, మొదట కలకత్తాకును తరువాత బొంబాయికిని పోయి, అచ్చట 1893లో అమృతాంజనమను తలనొప్పి మందును సిద్ధపరచిరి. సంగీతసభలకు వచ్చినవారికి ఆ మందును ఉచితముగా పంచిరని ప్రసిద్ధి. వర్తకమున ఆర్జించుట యెట్లో వారికి తెలిసినట్లు తెలుగువారిలో ఆ కాలమున మిక్కిలి కొద్దిమందికే తెలియును. ఆర్జించినది వ్యయపరచుట యెట్లో తెలిసినవారు అంతకన్నను తక్కువ.

1907వ సంవత్సరము డిసెంబరు నెలలో సూరతు నగరమున కాంగ్రెసు మహాసభ కూడినది. పంతులుగారును దానికి పోయిరి. మితవాదులకును తీవ్రవాదులకును అధ్యక్షుని యెన్నిక విషయమున వివాదము ముదిరి, కుర్చీలు విరుగుటయు, వేదికపైకి పాదరక్ష వచ్చి పడుటయు, సభ భగ్నమగుటయు లోకమెరిగినదే. ఇరుపక్షములందును దేశముకొరకు సమస్తమును త్యజింపగలవారుండిరి. అట్టివారు ఒకే పందిరి క్రింద ఒక పూట కూర్చుండలేకపోయిరి. తెలుగువారికి తమ భాషలో లోకవృత్తాంతము తెలుపు మంచి పత్రిక కావలయునను నిశ్చయము ఆ సభనుండి మరలివచ్చిన పిమ్మట పంతులుగారికి దృఢమైనదని వారి చరిత్రకారులందురు. 1908వ సంవత్సరము సెప్టెంబరులో ఆంధ్రపత్రిక బొంబాయిలో వారపత్రికగా వెలువడినది. తెలుగుదేశమునకు అంతదూరమున తెలుగు అక్షరములు కూర్చి, పత్రికను నడిపిన సాహసము సామాన్యము కాదు. 1914వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీనుండి అది మదరాసున దినపత్రిక అయినది. 1924లో భారతి మాసపత్రిక వచ్చినది. పండితులు చరిత్రవిషయములను గూర్చియు కవుల కాలములను గూర్చియు ఒకరి మాట నొకరు ఖండించుకొనుచు వ్రాసిన వ్యాసములకు భారతి చోటిచ్చినది. 1926లో ఆంధ్రగ్రంథమాల ప్రారంభమైనది. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి మరణముచే నిలిచిపోయిన ఆంధ్రవిజ్ఞానసర్వస్వమును మరల చేపట్టినదియు వీరే.

పంతులుగారు ఏ పక్షమును లేనివారని మేము చెప్పబోవుటలేదు. వారు కాంగ్రెసువారు. పెక్కు సంవత్సరములు ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘమునకు అధ్యక్షులుగా నుండిరి. ఉప్పు సత్యాగ్రహ కాలమున కారాగృహమునకు పోయి, అచ్చట భగవద్గీతకు వ్యాఖ్యానము వ్రాసిరి. పక్షములేనివాడే సమాధానము చేయగలడని కొందరందురు గాని మాకది నిజమని తోచదు. పక్షములేనివాని యింటికి తగవులాడువారు వచ్చుట అరుదు. వానికి తమ బాధ తెలియదని యిరువురును అనుకొందురు.

ఇక తగవు సంగతి. 1800వ సంవత్సరమున నిజాము ఆంగ్లేయులకు ఒప్పగించిన బళ్ళారి, అనంతపురము, కడప, కర్నూలు ప్రాంతములను దత్తమండలములనెడివారు. రాయలసీమ యనెడి పేరు 1928లో నంద్యాలలో జరిగిన ఆంధ్రమహాసభనాటినుండి వ్యాప్తిలోనికి వచ్చినది. గోదావరికి ధవళేశ్వరమువద్దను, కృష్ణకు బెజవాడవద్దను పందొమ్మిదవ శతాబ్ది నడిమి కాలమున ఆనకట్టలు కట్టబడినవి. కాలువనీరు పారిన చోట వరిపంటయు, దానివెంట ధనమును, దానివెంట పాఠశాలలును, న్యాయవాదులును, పత్రికలును వచ్చినవి. సీమలో అప్పుడప్పుడు కరవు వచ్చినది. 1913లో బాపట్లలో ప్రథమాంధ్రమహాసభ మా విశాఖపట్టణపు బయ్యా నరసింహేశ్వర శర్మగారి అధ్యక్షతను జరిగి ప్రత్యేకాంధ్రరాష్ట్ర ప్రస్తావన బయలుదేరిన నాటినుండియు సీమవారి మనస్సులలో ఒక సంశయము మెదలుచునే యుండెను. మదరాసువారి చేతిక్రిందనుండి తప్పించుకొని సర్కారు జిల్లాలవారి చేతిక్రిందికి పోవుటవలన తమకు కలుగు లాభమేమి యని వారి ప్రశ్న. ఈ ప్రశ్నను సర్కారువారు చాలకాలము అసూయ యనియు, పరుల ప్రేరణ యనియు కొట్టివేయుచు వచ్చిరి. ఒకని బాధను వాని దుర్బుద్ధిగా భావించుటకంటె విరోధమును పెంచు ఉపాయము మరియొకటి లేదు.

ఆ సంశయమును కోపముగా మార్చినది విశ్వవిద్యాలయము. 1926లో ఆంధ్రవిశ్వవిద్యాలయము బెజవాడలో ఏర్పడినది. దాని స్థిరనివాసమెచ్చట నన్నప్పుడు ప్రతి పట్టణమును తన్నే యెంచుకొమ్మనెను. సీమవారు అనంతపురము కావలయుననిరి. తుదకు 1930లో విశ్వవిద్యాలయము వాల్తేరునకు వచ్చినది. మా తాలూకా పిల్లలు చోడవరమునుండి బయలుదేరిన పూటనే విద్యాలయమును చేరగలుగుట అప్పటినుండియే. అనంతపురపు విద్యార్థికి వాల్తేరుకంటె మదరాసే దగ్గర. దత్తమండలములవారు ఆంధ్రవిశ్వవిద్యాలయమును వదలి మదరాసు విశ్వవిద్యాలయపు నీడనే ఉండిపోయిరి. మాకు వచ్చిన మేలు మరియొకరికి గాయమైనదని మా పెద్దలలో ఎందరు తలచిరో మాకు సందేహమే. 1934లో రాయలసీమవారు తమ మహాసభను ప్రత్యేకముగా ఏర్పరచుకొనిరి.

1937వ సంవత్సరము అక్టోబరులో ఆంధ్రమహాసభ రజతోత్సవము బెజవాడలో జరిగినది. అధ్యక్షులు కడప కోటిరెడ్డిగారు. ఉత్సవసభలో సీమవారి ఫిర్యాదులు బహిరంగముగా వినవచ్చినవి. రాష్ట్రము కావలెనని కోరుటకు ముందు ఇంటిలోని తగవు తీర్చుకొనవలయునని అందరికిని తోచి, ఉభయప్రాంతముల వారితో ఒక సంఘము నియమింపబడినది. ఆ సంఘము మదరాసున, మైలాపురములోని పంతులుగారి స్వగృహమైన శ్రీబాగులో కూడినది. 1937 నవంబరు 16వ తేదీన అచ్చట కుదిరిన దానినే శ్రీబాగు ఒడంబడిక యందురు. కోటిరెడ్డిగారు, కల్లూరు సుబ్బారావుగారు, కొండా వెంకటప్పయ్య పంతులుగారు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు మొదలగువారు అందు పాల్గొనిరి.

ఆ యొడంబడికలో ఐకమత్యమును గూర్చిన ఉపన్యాసములు లేవు. మేము దానిని గౌరవించుటకు ముఖ్యకారణమిదియే. విశ్వవిద్యాలయమునకు వాల్తేరున నొకటి, అనంతపురమున నొకటి, రెండు కేంద్రములుండవలయును. తుంగభద్ర, కృష్ణ, పెన్న నదుల జలములను వినియోగించుటలో రాయలసీమ, నెల్లూరు ప్రాంతములకు పదియేండ్లు గాని, అవి తీరప్రాంతముతో సమానస్థితికి వచ్చుటకు అవసరమైనంత కాలము గాని, మొదటి ప్రాధాన్యమియ్యవలయును. శాసనసభలో స్థానములు జిల్లాలవారీగా సమానముగా నుండవలయును. రాజధానియు ఉన్నతన్యాయస్థానమును ఒకేచోట ఉండనక్కరలేదు. రెండును రెండు ప్రాంతములకు పంచబడవలయును. వీనిలో తమకేది కావలయునో కోరుకొను హక్కు సీమవారిది. చూడుడు: ప్రతి షరతునందును ఉన్నవాడు లేనివానికి ఇయ్యవలసినదేమో వ్రాయబడియున్నది. అన్నదమ్ములు ఆస్తి పంచుకొనునప్పుడు ఒకడు భాగములు వేసినచో రెండవవాడు ముందు కోరుకొనవలయునను పల్లెటూరి ధర్మమే కదా యిది!

పంతులుగారు ఈ సమాధానమునకు కర్తలని గాని, షరతులు వారు చెప్పిన చొప్పున వ్రాయబడినవని గాని మేము చెప్పము. వారు ఇల్లిచ్చిరి. ఇల్లిచ్చుట స్వల్పమని తలచువారు, పోరాడుకొనుచున్న రెండు కక్షలవారిని తమ యింటికి ఒక దినము పిలిచి చూడవలయును. ఒక పక్షమువాడు గుమ్మము దాటగనే, ఈ యిల్లు ఎవరిదను విచారము పుట్టును. శ్రీబాగు విషయమున అట్టి విచారము పుట్టకపోవుటకు ముప్పదియేండ్ల ఆచరణము కారణమైనది. చేతికెముకలేని ఆ దాతను జనులు విశ్వదాత యనిరి, దేశోద్ధారకుడనిరి. 1935లో ఆంధ్రవిశ్వవిద్యాలయము వారిని కళాప్రపూర్ణ బిరుదముతో గౌరవించినది. వాల్తేరు విశ్వవిద్యాలయపు బిరుదము ధరించినవారి యింటనే అనంతపురమునకు కేంద్రము కావలయునని వ్రాసుకొనుట యందు ఒక సొగసు కలదు.

1938 మార్చి నెలలో మదరాసు శాసనసభ భాషారాష్ట్రములను కోరుచు తీర్మానము చేసినది. ఏప్రిలు 11వ తేదీన పంతులుగారు దివంగతులైరి. ఆంగ్లేయ ప్రభుత్వము ఆ కోరికను మన్నింపలేదు. పొట్టి శ్రీరాములుగారి ప్రాణత్యాగానంతరము 1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రమేర్పడినప్పుడు రాజధాని కర్నూలునకు పోయినది. కట్టడములు చాలక గుడారములలో కచేరీలు జరిగినవి. ఉన్నతన్యాయస్థానము మరుసటి యేడు గుంటూరున వెలసినది. 1956లో ఆ రెండును హైదరాబాదునకు తరలినవి. అనంతపురమునకు స్వంత విశ్వవిద్యాలయము 1981లో గాని రాలేదు. నీటి షరతు సంగతి అన్నిటికన్న కష్టమైనది. నీరు పల్లమెరుగును గాని కాగితమెరుగదు. చోడవరము 2022లో విశాఖపట్టణ జిల్లానుండి అనకాపల్లి జిల్లాలోనికి మారినది. శ్రీబాగులో వ్రాసిన ఆ కాగితమును మాత్రము రాజధాని మాట వచ్చినను, నదుల మాట వచ్చినను, నేటికిని ఉభయప్రాంతములవారును తీసి చూపుచునే యున్నారు.