ఎడిసన్ - విద్యుత్ కారు

థామస్ ఆల్వా ఎడిసన్ పేరు వినని విద్యార్థి మన కాలేజీలో ఒక్కరు కూడా ఉండరు. విద్యుద్దీపం, ఫోనోగ్రాఫు, చలనచిత్ర యంత్రం - ఆయన సాధించిన విజయాలన్నీ హైస్కూలు పాఠాల్లోనే చదువుకున్నాం. అందుకే ఆ విజయాల జోలికి నేను ఎక్కువగా పోదలచుకోలేదు. రాత్రనక పగలనక పదేళ్ళు శ్రమించి, అనుకున్న వస్తువును సాధించి కూడా ఆయన గెలవలేకపోయిన పందెం ఒకటుంది. అది విద్యుత్ కారు. నేడు మన రోడ్లమీద ఆకుపచ్చ నంబరు ప్లేటు కారు కనిపిస్తే చాలు, చార్జింగు ఎక్కడ పెడతారు, ఎంతసేపు పడుతుందని అందరూ అడుగుతారు. ఈ ప్రశ్న నిన్న మొన్న పుట్టింది కాదు. నూట ఇరవై ఏళ్ళ కిందటే ఎడిసన్ మహాశయుణ్ణి ముప్పుతిప్పలు పెట్టిన ప్రశ్న ఇది.

ఎడిసన్ 1847 ఫిబ్రవరి 11న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో మిలాన్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. బడి చదువు అంతంత మాత్రం. పన్నెండు పదమూడేళ్ళ వయసులో రైళ్ళలో వార్తాపత్రికలు అమ్మాడు. చిన్నప్పటినుంచే వినికిడి తగ్గింది. తరువాత టెలిగ్రాఫ్ ఆపరేటరయ్యాడు. 1876లో మెన్లో పార్కులో ప్రయోగశాల పెట్టాడు. 1879లో ఆయన బల్బు వెలిగింది. అయితే ఆయన గొప్పతనం బల్బుతో ఆగలేదు. బల్బు ఒక్కటీ అమ్మితే ఎవరు కొంటారు? దానికి కరెంటు కావాలి, తీగలు కావాలి, మీటరు కావాలి. ఆ సంగతి గ్రహించి 1882 సెప్టెంబరు 4న న్యూయార్క్ పెర్ల్ వీధిలో విద్యుత్ కేంద్రాన్నే ప్రారంభించాడు. పాఠకులు ఈ విషయాన్ని గుర్తుంచుకోవాలి. కారు విషయంలో ఆయనకు దొరకనిది సరిగ్గా ఇలాంటి ఏర్పాటే.

1896లో న్యూయార్క్ దగ్గర జరిగిన ఒక విందులో డెట్రాయిట్ ఎడిసన్ కంపెనీ ఇంజనీరు ఒకడు ఆయన్ని కలిశాడు. తాను చేసిన పెట్రోలు బండి బొమ్మ గీసి చూపించాడు. ఎడిసన్ చెవి దగ్గర పెట్టుకుని అంతా విని, మెచ్చుకుని, పట్టు విడవవద్దని ప్రోత్సహించాడు. విద్యుత్ బండి పవర్ హౌసును వదిలి దూరం పోలేదని, పెట్రోలు బండి తన శక్తిని తానే మోసుకుపోతుందని ఆయన అన్నట్టు ఆ ఇంజనీరు తరువాత రాసుకున్నాడు. ఆ ఇంజనీరే హెన్రీ ఫోర్డు! మూడేళ్ళు తిరక్కుండానే అదే ఎడిసన్ విద్యుత్ బండికోసం బ్యాటరీ పని మొదలుపెట్టడం విధి విలాసమనాలి.

ఆ రోజుల్లో అది తెలివితక్కువ పందెమేమీ కాదు. 1900లో అమెరికాలో తయారైన 4,192 కార్లలో 1,681 ఆవిరివి, 1,575 విద్యుత్తువి. పెట్రోలు కార్లు 936 మాత్రమే. పెట్రోలు కారు స్టార్టు చేయాలంటే ముందు నిలబడి హేండిలు తిప్పాలి. అది ఎదురుతన్నితే చెయ్యి విరిగేది. పొగ, వాసన, చప్పుడు సరేసరి. పెట్రోలు కూడా వీధి వీధినా దొరికేది కాదు. 1888లో జర్మనీలో బెర్తా బెంజ్ తన భర్త చేసిన కారులో దూరప్రయాణం చేస్తూ దారిలో ఒక మందుల షాపులో ఇంధనం కొనవలసి వచ్చింది. అమెరికాలోనూ చాలాకాలం కొట్లలో డబ్బాలతోనే అమ్మేవారు. విద్యుత్ కారుకు ఈ తంటాలేమీ లేవు. మీట నొక్కితే కదిలేది. రాత్రి తగిలించి పడుకుంటే పొద్దుటికి సిద్ధం. ఊళ్ళో తిరిగే డాక్టర్లకు, స్త్రీలకు అది ఎంతో ఇష్టమైన బండి.

మరి లోపం ఎక్కడుంది? బ్యాటరీలో ఉంది. సీసం పలకలు, గంధకామ్లం కలిసిన ఆ బ్యాటరీ బరువెక్కువ, ఆయుర్దాయం తక్కువ. ఎడిసన్ ఆమ్లాన్ని వదిలి క్షారాన్ని పట్టుకున్నాడు. ఒక పలకకు నికెల్, రెండో పలకకు ఇనుము, మధ్య పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం - ఇదీ ఆయన పద్ధతి. స్వీడన్‌లో యుంగ్నర్ అనే శాస్త్రజ్ఞుడు కూడా అదే కాలంలో ఇదే దారిలో పనిచేశాడు. 1901లో ఎడిసన్ బ్యాటరీ కంపెనీ పెట్టాడు. పత్రికలు ఆకాశానికెత్తాయి. బ్యాటరీలు బజారుకొచ్చాయి. కొద్ది కాలానికే డబ్బాలు కారడం, శక్తి తగ్గిపోవడం మొదలైంది. అప్పుడాయన చేసిన పని చూడండి! 1904లో ఉత్పత్తి ఆపేశాడు, అమ్మినవాటిని వెనక్కి తీసుకున్నాడు, మళ్ళీ మొదటికొచ్చాడు. యాభై ఏడేళ్ళ వయసులో, అంత పేరు గడించినవాడు నలుగురిలో ఓటమి ఒప్పుకోవడం తేలికా?

వేల ప్రయోగాలు చేసినా ఫలితం రాలేదేమని స్నేహితుడు మాలొరీ జాలిపడితే, పనికిరాని పద్ధతులు అన్ని వేలు తెలిశాయి కదా అని ఎడిసన్ బదులిచ్చిన కథ మనమంతా విన్నదే. చాలామంది దాన్ని బల్బుకు అంటగడతారు. కాని 1910లో వచ్చిన జీవితచరిత్ర ప్రకారం ఆ సంభాషణ ఈ బ్యాటరీ గురించినది!

చివరికి 1909లో కొత్త బ్యాటరీ సిద్ధమైంది. మోటుగా వాడినా చెడేది కాదు, ఏళ్ళ తరబడి మన్నేది. డెట్రాయిట్ ఎలక్ట్రిక్ కార్లలో దాన్ని అమర్చారు. అయితే ఖరీదెక్కువ, చలికాలంలో శక్తి తక్కువ. నిండా చార్జి కావడానికి గంటలు పట్టేది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. బ్యాటరీకి డి.సి. కరెంటే కావాలి. ఎడిసన్ వద్దని పోరాడిన ఎ.సి. అప్పటికే దేశమంతా పాకింది. కనుక ఇంట్లో దాన్ని మార్చే యంత్రం కూడా కొనుక్కోవాలి. పల్లెల్లో అసలు కరెంటే లేదు. 1930ల నడుమ కూడా అమెరికా పల్లె ఇళ్ళలో పదింట ఒకదానికే కరెంటు ఉండేది.

ఈలోగా అవతలి పక్షం ఊరుకోలేదు. 1901లో టెక్సాస్‌లోని స్పిండిల్‌టాప్‌లో చమురు ఉబికింది. 1908లో ఫోర్డు మోడల్-టి కారు వచ్చింది. కెటరింగ్ చేసిన సెల్ఫ్ స్టార్టరు 1912 కాడిలాక్ కార్లలో చేరి హేండిలు బాధ తీర్చింది. తమాషా ఏమిటంటే, ఆ స్టార్టరును తిప్పేదీ ఒక బ్యాటరీయే! 1913 డిసెంబరులో పిట్స్‌బర్గ్‌లో కారు లోపలికి వచ్చి పెట్రోలు పోయించుకునే బంకు తెరిచారు. ఇక నిమిషాల పని. పల్లెటూరి కొట్టువాడు కూడా పెట్రోలు డబ్బా ఉంచుకోగలడుగాని పవర్ హౌసు కట్టలేడు కదా! 1914లో ఫోర్డు, ఎడిసన్ కలిసి చవక విద్యుత్ కారు తెస్తామని ప్రకటించారు. అది రానే లేదు. ఫోర్డు భార్య క్లారా మాత్రం విద్యుత్ కారే నడుపుకునేది!

మార్గం లేక కాదు. హార్ట్‌ఫర్డ్ నగరంలో 1910 నుంచి 1924 వరకు విద్యుత్ లారీలకు ఖాళీ బ్యాటరీ తీసి నిండు బ్యాటరీ పెట్టే ఏర్పాటు చక్కగా నడిచింది. అది ఒక ఊరితో ఆగింది. ఊరూరా పెర్ల్ వీధి లాంటి ఏర్పాటు కట్టేవారు కరువయ్యారు.

1914 డిసెంబరులో వెస్ట్ ఆరెంజ్ ఫ్యాక్టరీ చాలా భాగం కాలిపోయింది. అప్పుడాయనకు 67 ఏళ్ళు. ఫోర్డు అప్పిచ్చి ఆదుకున్నాడు. ఆయన బ్యాటరీ వృథా కాలేదు. రైల్వే సిగ్నళ్ళకు, గని కార్మికుల దీపాలకు, సరుకుల బళ్ళకు పనికొచ్చి, చివరి దశలో ఆయనకు బాగా లాభాలిచ్చిన వస్తువైంది. ఎడిసన్ 1931 అక్టోబరు 18న కన్నుమూశాడు.

ఎడిసన్ ఓటమికి బ్యాటరీ ఒక్కటే కారణమని నేననుకోను. దీపం విషయంలో గోడమీద స్విచ్చుదాకా ఆలోచించినవాడు, కారు విషయంలో బ్యాటరీ డబ్బా దగ్గర ఆగిపోయాడు. నేడు లిథియం బ్యాటరీలు వచ్చాయి. వాటిని రూపొందించిన ముగ్గురికి 2019లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. సొంత ఇల్లు, గోడకు ప్లగ్గు ఉన్నవాడికి పెట్రోలు బంకు క్యూ కంటే రాత్రి చార్జింగే సుఖం. మూడో అంతస్తు అద్దె వాటాలో ఉంటూ కారు వీధిలో పెట్టుకునేవాడి మాటేమిటి? వాడికి యంత్రం కాదు, ఏర్పాటు కావాలి. రేపు ఇంజనీర్లు, అధికారులు, శాసనసభ్యులు కాబోయే మన మిత్రులు ఆలోచించవలసింది ఆ వీధిలో నిలిచిన కారు గురించే.