మల్లవీరుడు కోడి రామమూర్తి నాయుడు

ఉదయగిరి దుర్గము 1514 లో శ్రీకృష్ణదేవరాయల వశమగువరకు గజపతుల యేలుబడిలో నుండెను. ఏనుగు పేరే బిరుదముగా గల రాజుల కోట చెంత నివసించు ఉదయగిరి, ఆత్మకూరు సీమలవారికి యుద్ధగజముల కథలు క్రొత్తవి కావు. అయితే అంకుశము లేక, ఆయుధము లేక, నేలపై వెల్లకిల పరుండి ఏనుగును రొమ్ముపై కెక్కించుకొనిన తెలుగువాని చరిత్రము వేఱు. ఆయనయే కోడి రామమూర్తి నాయుడు.

రామమూర్తి 1880 దశకపు ఆరంభమున, నేటి పార్వతీపురము మన్యము జిల్లాలోని వీరఘట్టమున జన్మించెను. తండ్రి వెంకన్న నాయుడు. పసితనముననే తల్లి గతింపగా, విజయనగరములో పోలీసు ఉద్యోగియగు పినతండ్రి యొద్ద పెరిగెను. చదువుకంటె సాముగరిడీలయందు మక్కువ మెండు. మద్రాసు సైదాపేటలో వ్యాయామశిక్షణము పొంది, విజయనగరముననే వ్యాయామోపాధ్యాయుడయ్యెను. పిమ్మట మిత్రుల తోడ్పాటుతో సర్కసు నెలకొల్పెను. ఆయన శాకాహారి, ప్రాణాయామమే తన బలమునకు మూలమని నమ్మినవాడు. రొమ్మునకు చుట్టిన ఉక్కుగొలుసులను ఊపిరి బిగించి త్రెంచుట, కదలబోవు మోటారుకార్లను పట్టి నిలుపుట ఆయన ప్రదర్శనములు. వీనికన్నిటికి తలమానికము ఏనుగు.

ఏనుగు బరువు సామాన్యమా! ఎదిగిన ఆడ ఏనుగు సగటున 2,700 కిలోగ్రాములు తూగును. మగది 4,000 కిలోగ్రాములు. పరుండినవాని రొమ్ముపై దళసరి బల్ల నుంచి దానిపై ఏనుగును నడిపింతురు. బల్ల ఆ బరువును ఒక్కచోట దిగబడనీయక పరచును; ఊపిరి నిండిన రొమ్ము మోయును. జనుల చూపు మల్లునిపైననే యుండును గాని, ఆ నిమిషమున వాని ప్రాణము బల్ల చేతిలోను, మావటి చేతిలోను, ఏనుగు చేతిలోను ఉండును. అడవిజాతి జంతువు గొలుసులకు లోబడి, దీపముల నడుమ, జనఘోషలో నిలిచి ఎప్పుడు బెదరునో మావటికే పూర్తిగ తెలియదు. మగ ఏనుగులకు మదకాలమున కణతలనుండి మదజలము కారును. అట్టి వేళ తమ్ము మేపిన మావటినే చంపిన ఏనుగులు కలవు. అందుచేతనే సర్కసులవారు పెక్కుగా ఆడ ఏనుగులనే కోరుకొనిరి.

రామమూర్తికి మాత్రము హాని ఏనుగు తలపువలన రాలేదు. విదేశసంచారమున ఓర్వలేనివారెవరో గట్టిబల్లకు మారుగా బలహీనమైన బల్ల నుంచిరనియు, అది ఏనుగు పాదము క్రింద విరిగి ఆయన ప్రక్కటెముకలలో గ్రుచ్చుకొనెననియు, శస్త్రచికిత్స జరిగి కొన్ని నెలలకుగాని కోలుకొనలేదనియు ఆయన జీవితకథలు చెప్పుచున్నవి. ఏనుగు చేసినది తనకు నేర్పిన పనియే. ఐదవ జార్జి చక్రవర్తి ఇండియన్ హెర్క్యులీస్ అను బిరుదు నిచ్చెనను ప్రసిద్ధికంటె నా మనసున ఈ బల్ల కథయే ఎక్కువగా నిలిచినది.

ఆనాడు జంతువు పక్షమున అడుగువారు అరుదు. 1998 లో గాని కేంద్రప్రభుత్వము పులి, సింహము, చిరుత, ఎలుగుబంటి, కోతులను ఆటలకు శిక్షించి ప్రదర్శించుటను నిషేధింపలేదు. ఆ పట్టికలో ఏనుగు లేదు.

ఏనుగును మోసిన దేహమును కడపట కాలిపుండు లొంగదీసెను. కాలు తీసివేయవలసివచ్చెను. ఆర్జించిన ధనమును చాలవరకు కరగిపోయెను. ఒరిస్సాలోని బలంగీరు ప్రాంతమున సంస్థానాధీశుని ఆదరమున శేషకాలము గడపి, 1942 జనవరి 16 న కన్నుమూసెను. శ్రీకాకుళములోని క్రీడామైదానమునకు ఆయన పేరు పెట్టిరి. విశాఖపట్టణము సముద్రతీరమున ఆయన విగ్రహమును నిలిపిరి.