అంకితం వెంకట నరసింగరావు

అంకితం వెంకట నరసింగరావు (1827 - 1892) విశాఖపట్నానికి చెందిన ఖగోళ శాస్త్రజ్ఞుడు. సొంత వేధశాల నుండి గ్రహాలను, గ్రహణాలను పరిశీలించాడు. ఆంగ్ల గ్రంథాలలో ఈయన పేరు ఎ.వి.నర్సింగ్ రో అని కనిపిస్తుంది. 1874లో ఈయన పరిశీలించిన ఖగోళ ఘటన వంటిదే నేడు ఇతర నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలను కనుగొనుటకు ఆధారమైనది.

వేధశాల

విశాఖ జమీందారు గోడే వెంకట జగ్గారావు మద్రాసు వేధశాలలో టి.జి.టేలరు వద్ద ఖగోళశాస్త్రం అభ్యసించి, 1840లో విశాఖపట్నంలో వేధశాలను నెలకొల్పాడు. నేటి నౌకాశ్రయం 1933లో ప్రారంభమైనది. అంతకు పూర్వం సముద్రంలో లంగరు వేసిన ఓడలకు సరియైన కాలం తెలియుటకై ఆయన డాల్ఫిన్స్ నోస్ కొండపై ధ్వజస్తంభం ఏర్పాటు చేశాడు. 1856లో జగ్గారావు మరణించిన పిదప అల్లుడైన నరసింగరావు వేధశాల బాధ్యతను స్వీకరించాడు.

శుక్ర అంతర్యానం

భూమికి, సూర్యునికి మధ్యగా శుక్రుడు వచ్చి, సూర్యబింబంపై నల్లని చుక్కవలె కదలిపోవుటను శుక్ర అంతర్యానం అంటారు. ఇది బహు అరుదు. 1874 డిసెంబరు 9 ఉదయం సంభవించిన అంతర్యానాన్ని నరసింగరావు విశాఖలో పరిశీలించాడు. శుక్రుడు సూర్యబింబపు అంచును తాకిన సమయాలను వేర్వేరు ప్రదేశాల నుండి గుర్తించి పోల్చినచో సూర్యుని దూరాన్ని లెక్కించవచ్చును. అందుకే నాడు అనేక దేశాలు ఈ పరిశీలనకు బృందాలను పంపాయి. నరసింగరావు పరిశీలన లండన్ లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో ప్రచురితమైనది.

అన్యగ్రహ జీవులు

మేఘావృతమైన శుక్రునిపై జీవులు ఉండవచ్చునని ఆ శతాబ్దంలో పలువురు ఊహించారు. అయితే అక్కడి ఉపరితల ఉష్ణోగ్రత సుమారు 460 డిగ్రీల సెల్సియస్ అని తరువాత తెలిసినది.  2009లో ప్రయోగించిన కెప్లర్ దూరదర్శిని ఆధారపడినది కూడా అంతర్యానాల పైనే. గ్రహం తన నక్షత్రానికి అడ్డు వచ్చినపుడు కాంతి స్వల్పంగా తగ్గుతుంది. భూమి వంటి గ్రహం సూర్యుని వంటి నక్షత్రాన్ని దాటినపుడు ఈ తగ్గుదల పదివేలలో ఒక వంతు మాత్రమే. ఈ విధంగా కెప్లర్ 2600కు పైగా గ్రహాలను కనుగొన్నది. గ్రహ వాతావరణం గుండా వచ్చిన కాంతిని విశ్లేషించి అందులోని వాయువులను కూడా గుర్తించవచ్చును. అయితే గ్రహం ఉన్నంత మాత్రాన జీవం ఉన్నదని గాని, జీవం ఉన్నంత మాత్రాన ఆలోచించగల మెదడు ఉన్నదని గాని చెప్పజాలము. ఇంతవరకు భూమికి వెలుపల జీవం ఉన్నట్లు నిరూపణ కాలేదు.

మరణం, గుర్తింపు

నరసింగరావు 1892లో మరణించాడు. కాలక్రమంలో వేధశాల పని నిలిచిపోయినది. విశాఖలోని మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాల పేరులో ఈయన పేరు నిలిచి ఉన్నది.