పరిశుద్ధతాన్వేషి కామర్లింగ్ ఓనెస్

లోహపు తీగలో విద్యుత్తు ప్రవహించేటప్పుడు కొంత శక్తి వేడిగా మారి వృథా అవుతుంది. నిలకడగా ప్రవహించే విద్యుత్తుకు ఈ నష్టం లేని స్థితి ప్రకృతిలో ఉన్నదని లోకానికి వెల్లడించిన శాస్త్రవేత్త హైకె కామర్లింగ్ ఓనెస్.

ఆయన 1853 సెప్టెంబరు 21న నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ నగరంలో జన్మించాడు. తండ్రి ఇటుకల కర్మాగార యజమాని. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో బున్సెన్, కిర్కాఫ్ వంటి ఉద్దండుల వద్ద శిష్యరికం చేసి, 1879లో గ్రోనింగెన్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేట్ పొందాడు. 1882లో లైడెన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడయ్యాడు. నిర్దుష్టమైన కొలతయే జ్ఞానానికి ద్వారమని ఆయన దృఢ విశ్వాసం. అందుకే ప్రయోగశాలలోనే యువకులకు పరికరాల తయారీలో, గాజు పనిలో శిక్షణ ఇప్పించాడు.

వాయువులను ద్రవాలుగా మార్చి అతిశీతల స్థితిని సాధించాలన్నది ఆయన సంకల్పం. కాని ఆ ప్రయోగశాల ఉన్న ప్రాంతం 1807లో మందుగుండు ఓడ పేలి ధ్వంసమైన చోటు. అధిక పీడనంలోని వాయువుల వల్ల మళ్ళీ ప్రమాదం వస్తుందని నగరవాసులు భయపడ్డారు. ఫలితంగా 1895 నుండి దాదాపు 3 సంవత్సరాలు పని స్తంభించింది. ఈలోగా 1898లో బ్రిటన్‌కు చెందిన జేమ్స్ డీవార్ హైడ్రోజన్‌ను ద్రవీకరించి ముందంజ వేశాడు. అయినా ఓనెస్ ధైర్యం కోల్పోలేదు. 1908 జూలై 10న, ప్రపంచంలో తొలిసారిగా హీలియంను ద్రవీకరించాడు.

అతిశీతల స్థితిలో లోహాల విద్యున్నిరోధం ఏమవుతుంది? బంగారం, ప్లాటినం తీగలలో కొంత నిరోధం మిగిలిపోతున్నది. అందుకు లోహంలోని మాలిన్యమే కారణమని ఓనెస్ భావించాడు. పదేపదే స్వేదనం చేసి శుద్ధి పరచదగిన పాదరసాన్ని ఎంచుకున్నాడు. 1911 ఏప్రిల్ 8న జరిపిన ప్రయోగంలో దాని నిరోధం మాయమైనట్లు కనిపించింది. తరువాతి పరీక్షలలో, సుమారు 4.2 కెల్విన్ వద్ద అది హఠాత్తుగా అదృశ్యమవుతున్నదని తేలింది. ఇదే అతివాహకత. నిరోధాన్ని కొలిచినవాడు సహాయకుడైన గిల్లెస్ హోల్స్ట్. వ్యాసం మాత్రం ఓనెస్ పేరుతోనే వెలువడింది. అతివాహకతకు పరిపూర్ణ శుద్ధి అవసరం లేదని అనంతర ప్రయోగాలలో స్పష్టమైంది. సీసం, తగరం కూడా ఈ గుణాన్ని ప్రదర్శించాయి. 1913లో నోబెల్ బహుమతి పొందిన ఓనెస్, 1926 ఫిబ్రవరి 21న లైడెన్‌లో కన్నుమూశాడు.

ఆయన వెదకిన పరిశుద్ధత నేడు మరో రూపంలో ప్రాముఖ్యం సంతరించుకున్నది. కొన్ని క్వాంటం కంప్యూటర్లలో నియోబియం వంటి అతివాహకాలతో వలయాలు నిర్మిస్తారు. గాలి సోకగానే లోహపు ఉపరితలంపై కొద్ది నానోమీటర్ల ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. అది వెంట్రుక మందంలో పదివేలవ వంతు కన్నా పలుచన. అయినా అందులోని లోపాలు సూక్ష్మతరంగాల శక్తిని పీల్చుకొని, వలయంలో నిలిపిన సమాచారాన్ని చెరిపివేస్తాయి. 2021లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు నియోబియంకు బదులు టాంటలం వాడి, సమాచారం నిలిచే కాలాన్ని 0.3 మిల్లీసెకన్లకు పైగా పెంచారు. టాంటలంపైనా ఆక్సైడ్ ఏర్పడుతుంది. కాని ఆ లోహాన్ని ఘాటైన ఆమ్లాలతో కడిగి శుభ్రపరచవచ్చు. గాలి సోకకముందే నియోబియంపై మరో లోహపు పూత పూసే పద్ధతినీ పరిశోధకులు అనుసరిస్తున్నారు.

నాడు లోహపు గర్భంలో వెదకిన మాలిన్యాన్ని నేడు లోహపు చర్మంపై వెదకుతున్నారు. కంటికి కానరాని లోపాన్ని సైతం ఉపేక్షించరాదన్నది ఓనెస్ జీవితం విద్యార్థులకు అందించే సందేశం.