మెట్రిక్ మూడుసార్లు రాసిన సుబ్బారావు

పటాన్‌చెరు, పాశమైలారం వైపు మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ఇంటర్వ్యూకి వెళ్తున్నారా? బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో ఫాస్ఫరస్ లెక్కగట్టే ఫిస్క్-సుబ్బారావు పద్ధతి మీరు చేసే ఉంటారు. రికార్డు రాసి సంతకం పెట్టించుకున్నాం, అంతే కదా! ఆ రెండో పేరు మన భీమవరంలో పుట్టినాయనది.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టారు. మెట్రిక్ గట్టెక్కింది మూడో ప్రయత్నంలో. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసర్‌కి కోపమొచ్చింది. చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, దానికన్నా తక్కువదైన ఎల్ఎంఎస్. సర్కారీ ఉద్యోగం దొరక్క ఆయుర్వేద కాలేజీలో అనాటమీ చెప్పారు. అప్పటికే స్ప్రూ జబ్బు ఇద్దరు అన్నదమ్ముల్ని కొద్దిరోజుల తేడాలో తీసుకుపోయింది.

1922లో బోస్టన్ చేరారు. చదువుకుంటూనే ఆస్పత్రిలో రాత్రి పోర్టరుగా చేశారు, రోగుల బెడ్‌పాన్లు కూడా కడిగారు. హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీలను గుర్తించినా అక్కడ పర్మనెంట్ కాలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి మారారు. అవును, కంపెనీ ఉద్యోగమే! అసలు పని అక్కడే జరిగింది.

ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబులో తయారుచేసింది. స్ప్రూకి అది మందైంది. తర్వాత దాన్ని కొంచెం మార్చి అమినాప్టెరిన్, ఆపై మెథోట్రెక్సేట్ చేశారు. కణం వీటిని ఫోలిక్ యాసిడే అనుకుని లోపలికి తీసుకుంటుంది, తీరా డీఎన్ఏ తయారీ ఆగిపోతుంది. లుకేమియా కణాలకు అదే దెబ్బ.

ఇంటర్వ్యూలో తికమక పడే చోటొకటి ఉంది. రోగనిరోధక కణాలు యాంటీబాడీ జన్యువుల ముక్కలను రకరకాలుగా అతికించుకుని లెక్కలేనన్ని యాంటీబాడీలు చేస్తాయి. ఆ అతికింపును ఆపడం మెథోట్రెక్సేట్ పని కాదు. కానీ పనికొచ్చిన కణం పదింతలు, వందింతలు కావాలన్నా డీఎన్ఏ కావాలిగా, అడ్డు అక్కడ పడుతుంది. ఇమ్యూనిటీ అదుపు తప్పే కీళ్లవాతానికి వారానికోసారి చిన్న డోసులో ఇచ్చేదీ ఈ మందే. ఆ డోసులో ఇది పనిచేసే దారులు ఇంకా ఉన్నాయి, అదీ ఒక మాట చెప్పండి.

లుకేమియా పిల్లల్లో అమినాప్టెరిన్ తాత్కాలికంగానైనా పనిచేసిందని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1948 జూన్‌లో ప్రచురించారు. ఆగస్టులో, 53 ఏళ్లకే సుబ్బారావు కన్నుమూశారు. బోస్టన్ వెళ్లాక ఆయన మళ్లీ ఇండియా రాలేదు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు.