మూడు కడ్డీల ఫెర్గూసన్

సెలవులకు ఊరెళ్లినప్పుడు ట్రాక్టర్ వెనక నాగలి తగిలించే మూడు కడ్డీలను మీరంతా చూసే ఉంటారు. మా నాన్న ఇరవై ఏళ్లు పరుల ట్రాక్టర్ నడిపాడు. ఒకసారి దమ్ము చేస్తుంటే చక్రాలు కూరుకుపోయి, ముందు భాగం గాల్లోకి లేచింది. గట్టు మీద అమ్మ పెట్టిన కేక నాకింకా గుర్తుంది. పీజీలో చేరాక లైబ్రరీలో ఆ కడ్డీల కథ వెతికి చదివాను.

హ్యారీ ఫెర్గూసన్ 1884 నవంబర్ 4న ఉత్తర ఐర్లాండ్‌లోని డౌన్ కౌంటీలో రైతు ఇంట పుట్టాడు. పద్నాలుగేళ్లకే బడి మానేసి పొలంలో దిగాడు. ఆ పని ఆయనకు అసలు గిట్టలేదు. 1902లో బెల్‌ఫాస్ట్‌లో అన్న నడిపే మరమ్మతు షాపులో చేరాడు. 1909 డిసెంబర్ 31న సొంతంగా తయారుచేసిన విమానం ఎగరేశాడు. ఐర్లాండ్‌లో అదే మొదటిది.

1917లో, యుద్ధకాలపు తిండి కొరతలో, ట్రాక్టర్ల పనితీరు మెరుగుపరిచే బాధ్యతను అక్కడి వ్యవసాయ శాఖ ఆయనకు అప్పగించింది. వద్దని పారిపోయిన పొలమే మళ్లీ పిలిచిందన్నమాట! అప్పట్లో నాగలిని వెనక తగిలించి ఈడ్చేవారు. చక్రాలు జారకుండా ట్రాక్టర్ బరువు పెంచేవారు, ఆ బరువుకు నేల అణిగి గట్టిపడేది. నాగలి రాయికి తగిలితే ట్రాక్టర్ వెనక్కి తిరగబడి డ్రైవర్ ప్రాణం తీసేది.

ఫెర్గూసన్, సహచరుడు విల్లీ సాండ్స్ ఏళ్ల తరబడి కష్టపడి కింద రెండు, పైన ఒకటి కడ్డీలతో నాగలిని ట్రాక్టర్‌లో భాగం చేశారు. నాగలి బరువు, మట్టి దాన్ని కిందికి లాగే బలం వెనక చక్రాల మీదికి వస్తాయి. పై కడ్డీ ముందుకు నెడుతూ ముందు చక్రాలను లేవనివ్వదు. లాగుడు ఎక్కువైతే హైడ్రాలిక్ నాగలిని కొంచెం ఎత్తుతుంది. ఇనుము మోపకుండానే నేల పట్టు దొరికింది.

1938లో హెన్రీ ఫోర్డ్‌తో కాగితం లేకుండా, చేతులు కలిపి ఒప్పందం చేసుకున్నాడు. ఫోర్డ్ మనవడి కాలంలో అది చెడింది. కోర్టుకెక్కి 1952లో 92.5 లక్షల డాలర్లు రాబట్టాడు. ఈలోగా 1946 నుంచి ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో ఆయన చిన్న ట్రాక్టర్ తయారైంది. పదేళ్లలో ఐదు లక్షలకు పైగా అమ్ముడుపోయింది. మన ఊళ్లలో కనిపించే మాస్సీ ఫెర్గూసన్‌లో రెండో పేరు ఆయనదే.

చివరి రోజుల్లో నాలుగు చక్రాలూ లాగే కారు మీద పడ్డాడు. 1960 అక్టోబర్ 25న కన్నుమూశాడు. మరుసటి ఏడాది ఓల్టన్ పార్క్ తడి ట్రాక్ మీద స్టిర్లింగ్ మాస్ ఆ రకం కారుతోనే పందెం గెలిచాడు.