కండరశక్తి మూలాన్ని అన్వేషించిన మహనీయుడు

పాలమూరు కూలీలు దేశంలోని ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు తమ రెక్కల కష్టాన్ని ధారపోశారు. పార ఎత్తిన ప్రతిసారీ వారి కండరాలకు శక్తి ఎక్కడి నుండి లభించింది? ఈ ప్రశ్నకు సమాధానం చూపిన శాస్త్రవేత్తలలో యల్లాప్రగడ సుబ్బారావు అగ్రగణ్యుడు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించాడు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పినా నిరాశ చెందక మూడవసారి ఉత్తీర్ణుడయ్యాడు. మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజులలో ఖద్దరు ధరించి ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యాడు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. సోదరుడు స్ప్రూ వ్యాధితో మరణించడం అతని మనస్సును కలచివేసింది. వ్యాధులను జయించే మార్గాన్ని అన్వేషించాలని నిశ్చయించుకొని, 1923లో భార్యను స్వదేశంలోనే విడిచి అమెరికాకు పయనమయ్యాడు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే వద్ద పరిశోధనలు ప్రారంభించి, 1925లో ఆయనతో కలిసి రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించాడు. గ్లైకోజెన్ లాక్టిక్ ఆమ్లంగా మారడమే కండర సంకోచానికి మూలమని ఆనాటి శాస్త్రలోకం విశ్వసించేది. 1927లో ఫిస్కే, సుబ్బారావులు కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నారు. కండరం శ్రమించినపుడు అది తరిగి, విశ్రాంతిలో తిరిగి ఏర్పడుతుందని నిరూపించారు. 1929లో కండరం నుండి ఏ.టి.పి.ని వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా దానిని కనుగొన్నాడు. జీవకణాలన్నింటికీ అదే శక్తినిచ్చే నాణెమని తరువాతి పరిశోధనలు తేల్చాయి.

మధుమేహాన్ని అర్థం చేసుకొనడానికి ఈ జ్ఞానం ఎంతో అవసరం. పనిచేసే కండరం తాను ఖర్చుచేసిన ఏ.టి.పి.ని తిరిగి తయారుచేసుకొనడానికి గ్లూకోజును, కొవ్వును వినియోగిస్తుంది. ఆ సమయంలో ఇన్సులిన్ ప్రేరణ అంతగా లేకపోయినా రక్తంలోని గ్లూకోజును గ్రహించగలుగుతుంది. శ్రమ ముగిసిన తరువాత కూడా తరిగిన గ్లైకోజెన్ నిల్వలను నింపుకొనడానికి చక్కెరను స్వీకరిస్తూనే ఉంటుంది. నడక, వ్యాయామం రక్తంలోని చక్కెరను అదుపులో ఉంచడానికి తోడ్పడేది ఇందువల్లనే.

ఇంతటి కృషి చేసినా హార్వర్డ్‌లో అతనికి శాశ్వత ఉద్యోగం లభించలేదు. 1940లో లెడర్లే సంస్థలో చేరి, ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు వాడే డైఇథైల్ కార్బమజైన్, ఆరియోమైసిన్ వంటి ఔషధాల ఆవిష్కరణకు సారథ్యం వహించాడు. 1948 ఆగస్టులో, 53 సంవత్సరాల వయస్సులో, మాతృభూమిని తిరిగి చూడకుండానే కన్నుమూశాడు. 1995లో భారత ప్రభుత్వం అతని పేర తపాలా బిళ్ళను విడుదల చేసింది.

కీర్తిని కోరక కృషినే నమ్ముకొన్న సుబ్బారావు జీవితం విద్యార్థులకు ఆదర్శప్రాయం.